ఆర్హూస్ ఆర్కిటెక్చర్ స్కూల్: ఆ వర్క్‌షాప్ కోసమైనా వెళ్లవచ్చు

డెన్మార్క్‌లోని ఆర్హూస్ ఆర్కిటెక్చర్ స్కూల్ ఎలా ఉంటుందని అడిగే జూనియర్లకు నేను ముందుగా చెప్పేది అక్కడి వర్క్‌షాప్, అంటే కలప, లోహం పనులు చేసే చోటు గురించే. మాస్టర్స్ రెండేళ్లని, బోధన ఇంగ్లిషులో ఉంటుందని, యూరప్ వెలుపలి నుంచి వెళ్లేవారు ఫీజు కట్టాలని ఇప్పటికే తెలుసుకుని ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. నేను అక్కడ చదివి, కొంతకాలం ఆ దేశంలోనే ఉద్యోగం చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో చిన్న ఆఫీసు నడుపుతున్నాను. అక్కడ విన్న ఉపన్యాసాల్లో చాలావరకు మరచిపోయాను. ఆ వర్క్‌షాప్‌లో చేసిన ఒక కిటికీ మాత్రం ఇవాళ్టికీ నేను గీసే ప్రతి ఇంట్లోకీ వస్తూనే ఉంది.

ముందు భవనం సంగతి. 1965లో మొదలైన ఈ స్కూలుకు తన కోసమే కట్టించుకున్న భవనం చాలా దశాబ్దాల పాటు లేదు. నోర్రెపోర్ట్ వీధిలోని పాత ఇళ్లలో, నగరంలో అక్కడక్కడ దొరికిన కట్టడాల్లో సర్దుకుంటూ వచ్చింది. 2021లో పాత రైల్వే సరుకుల యార్డు దగ్గర కట్టిన కొత్త భవనంలోకి మారింది. దాని కోసం బహిరంగ పోటీ పెడితే 200కు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. పెద్ద పెద్ద పేర్లను దాటుకుని గెలిచింది ఆర్హూస్‌కే చెందిన వార్గో నీల్సన్ పాల్లే అనే చిన్న, యువ ఆఫీసు. తర్వాత ఆ ఆఫీసుతో అడెప్ట్ అనే ఆర్కిటెక్ట్ సంస్థ, మరికొందరు కలిసి దాన్ని పూర్తిచేశారు. ఇల్లు కట్టడం నేర్పే బడి తన ఇంటిని కొత్తవాళ్ల చేతుల్లో పెట్టిందంటే నాకు ఆ నమ్మకం మీద ఎంతో గౌరవం కలిగింది. తన విద్యార్థులకు చెప్పదలచుకున్నది అది ముందుగా తానే చేసి చూపినట్టయింది.

లోపలికి అడుగుపెడితే మన దగ్గర ప్లాస్టరింగ్‌కు ముందు స్లాబు దశలో ఉన్న ఇంట్లోకి వెళ్లినట్టు ఉంటుంది. పూత లేని కాంక్రీటు, ఎత్తయిన గదులు, పెద్ద పెద్ద అద్దాలు, పైన కళ్లకు కనిపించే పైపులు, కేబుళ్లు. అందంగా కనిపించాలనే తాపత్రయం ఎక్కడా ఉండదు. హైదరాబాద్‌లో నేను బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదివిన కళాశాలలో గోడకు టేపు అంటించినా జరిమానా వేసేవారు. మేము రాత్రిళ్లు మేలుకుని చేసిన మోడళ్లు జ్యూరీ (డిజైన్లను పరీక్షించే రోజు) అయిన మర్నాడే చెత్తబుట్ట పక్కన కనిపించేవి. అందుకే కాబోలు, మరక పడినా, గీత పడినా ఏమీ అనని ఆ కాంక్రీటును చూస్తే నాకు అంత ఊరటగా అనిపించింది. కింది అంతస్తులో కలప, లోహం పనులు చేసే వర్క్‌షాప్‌లు ఉంటాయి. డ్రాయింగ్ బల్లకూ రంపానికీ మధ్య దూరం కొన్ని మెట్లే. ఆ దగ్గరతనం విలువ నాకు చలికాలంలో తెలిసింది.

ఆ సెమిస్టర్‌లో నేను సముద్రం పక్కన ఒక చిన్న ఊరికి పఠన మందిరం డిజైన్ చేస్తున్నాను. మన దగ్గర చదివిన వాళ్ల చెయ్యి కిటికీ గీయగానే దాని మీద సన్‌షేడ్ కూడా గీసేస్తుంది. ఎండను ఆపడమే మన పని. ఆర్హూస్ 56 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నేల అంచుకు 10 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అదే రోజున హైదరాబాద్‌లో 49 డిగ్రీలు. అక్కడ పగలు మొత్తం 7 గంటలే. అంటే వెలుగును వెతికి పట్టుకుని ఇంట్లోకి తీసుకురావాలి. అది పుస్తకాల్లో చదివి వెళ్లిందే. అందుకే మందమైన గోడలో లోతైన కిటికీ గూడు పెట్టి, దాని ముందు ఒక బల్ల, కుర్చీ గీసి, కంప్యూటర్‌లో వెలుతురు చిత్రాలు కూడా తీసి స్టూడియోలో గోడకు పెట్టాను.

మా స్టూడియో టీచర్ వచ్చి చాలాసేపు చూశారు. మన దగ్గరైతే ఈపాటికి ట్రేసింగ్ పేపర్ పరచి నా డిజైన్ మీద తన డిజైన్ గీసేసేవారు. ఆవిడ పెన్ను బయటికే తీయలేదు. ఇక్కడ కూర్చున్న మనిషి పుస్తకం పేజీ మీద వెలుగు ఎలా పడుతుందని అడిగారు. నేను కంప్యూటర్ చిత్రం చూపించాను. దాన్ని చూసి తలూపి, ఈ గూడును అసలు కొలతల్లో కట్టి, అందులో కూర్చుని ఒక పుస్తకం చదివి, ఆ తర్వాత మాట్లాడుకుందామన్నారు. మోడల్ అంటే నాకు అప్పటిదాకా 1:50, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతు, మహా అయితే 1:20. మనిషి పట్టేంత మోడల్ చేయమని చదువులో ఎవరైనా అడగడం నాకు అదే మొదటిసారి.

వర్క్‌షాప్‌ను చూసుకునే ఆయన వృత్తిరీత్యా వడ్రంగి. యంత్రాల భద్రత నేర్పాక నా డ్రాయింగ్ చేతిలోకి తీసుకుని, ముందుగా ఏ ముక్క నిలబెడతావు, తర్వాత ఏది బిగిస్తావు, బిగించేటప్పుడు నీ చెయ్యి ఎక్కడ ఉంటుంది అని వరసగా అడిగారు. ఆర్కిటెక్ట్‌గా నాకు తెలిసింది వస్తువు ఎలా ఉండాలన్నదే. అది ఏ క్రమంలో పుడుతుందో ఆ సంభాషణలో నేర్చుకున్నాను. ప్లైవుడ్‌తో గూడు తయారైంది. స్టూడియోలో దక్షిణం వైపు అద్దం దగ్గర బరువులు పెట్టి నిలబెట్టాను.

మొదట పక్కలు నేరుగా, గోడకు లంబంగా ఉన్నాయి. కూర్చుని చదివితే కాసేపటికే కళ్లు అలసిపోయేవి. బయట మంచు రంగు ఆకాశం వెలిగిపోతుంటే దాన్ని ఆనుకుని చీకటి పక్కలు. ఆ రెండింటి మధ్య కంటికి ఆధారమే లేదు. డెన్మార్క్ పల్లెల్లోని మధ్యయుగపు చర్చిలకు మందమైన గోడల్లో కిటికీలు లోపలికి వచ్చేకొద్దీ వెడల్పయ్యేలా ఉంటాయి, సున్నం వేసి ఉంటాయి. అలాగే పక్కలను ఏటవాలుగా మార్చి తెల్ల రంగు వేశాను. తేడా వెంటనే తెలిసింది. ఆకాశం వెలుగు ముందు ఏటవాలు పక్క మీదికి దిగి, అక్కడి నుంచి మెత్తబడి గదిలోకి వచ్చింది. పేజీ మీద నీడ అంచు కరిగిపోయింది. కంప్యూటర్ చిత్రంలో ఇదంతా ఉంది, కానీ కంటి అలసట అందులో ఎక్కడ కనిపిస్తుంది?

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత. గూడు స్టూడియోలో అలాగే ఉండిపోయింది. ఎవరూ తీసేయమనలేదు. దారిన పోయేవాళ్లు కాఫీ కప్పుతో వచ్చి అందులో కూర్చోవడం మొదలుపెట్టారు. నేను గీసిన కుర్చీ, బల్ల వైపు ఒక్కరూ వెళ్లలేదు. అందరూ కిటికీ గట్టు మీదికే ఎక్కి, అడ్డంగా కూర్చుని, వెలుగు కోసం నేను వంచిన ఏటవాలు పక్కకు వీపు ఆనించి, కాళ్లు చాపుకునేవారు. వెలుగు కోసం పెట్టిన వంపు మనిషి వీపుకు సరిగ్గా సరిపోయింది! నేను అనుకోనిది, ఏ డ్రాయింగూ చెప్పనిది. ఆ సంగతి చెబితే టీచర్ నవ్వి, ఇక తననేమీ అడగవద్దని, కూర్చున్నవాళ్లనే అడగమని అన్నారు. అడిగాను. పొట్టివాళ్లకు గట్టు ఎత్తు ఎక్కువైంది, పొడుగువాళ్లకు మోకాళ్లు ఎదుటి పక్కకు తగిలాయి, ఇద్దరు కూర్చోవాలని చూసినవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కటీ సరిచేస్తూ పోతే చివరికి నా పఠన మందిరం నుంచి బల్లలన్నీ వెళ్లిపోయాయి. గోడ మందమే ఆసనమైంది. ప్లాన్ మొత్తం మారిపోయింది.

పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కూడా ఉన్నారు. డెన్మార్క్ ఉన్నత విద్యలో ఇలా బయటివాళ్లు వచ్చి మార్కులు వేయడం మామూలే. ఆయన నా షీట్లు చూడకముందే గూట్లోకి ఎక్కి వీపు ఆనించి కూర్చున్నారు. ప్రశ్నలన్నీ అక్కడి నుంచే అడిగారు. జ్యూరీ అంటే గుండె దడగా ఉండే నాకు ఆ రోజు ఎదుటి మనిషితో ఒక వస్తువు గురించి మాట్లాడుతున్నట్టుగా సాగింది. బీఆర్క్‌లోనే ఇలాంటి రోజు ఒకటి దొరికి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధపడతాను.

ఈ స్కూలు ముందున్న కూడలికి ఇంగర్, యోహానెస్ ఎక్స్నర్ అనే ఆర్కిటెక్ట్ దంపతుల పేరు పెట్టారు. 1808లో తగలబడిపోయిన కోల్డింగ్‌హుస్ కోటను 20వ శతాబ్దం చివర్లో పునరుద్ధరించింది వాళ్లే. ఆర్హూస్ నుంచి రైల్లో వెళ్లి చూడవచ్చు, తప్పక చూడండి. శిథిలమైన ఇటుక గోడలను అలాగే ఉంచి, లోపల పొరలు అతికించిన కలపతో చేసిన ఎత్తయిన స్తంభాలు నిలబెట్టి వాటి మీద కప్పు మోయించారు. ఏది పాతో, ఏది కొత్తో, ఏది దేన్ని మోస్తోందో చూడగానే తెలుస్తుంది. నా చేత్తో కలప బిగించాక వెళ్లాను కాబట్టి, ఆ స్తంభాల అతుకుల దగ్గర ఎక్కువసేపు గడిపాను. ఆర్హూస్ నగరం కూడా అంతే. ఆర్నె యాకబ్సన్, ఎరిక్ మ్యోలర్ అనే ఆర్కిటెక్టులు కట్టిన 1941 నాటి నగర భవనం, 1930లలో మొదలై పసుపు ఇటుకతోనే పెరుగుతూ వచ్చిన విశ్వవిద్యాలయం నడిచివెళ్లేంత దూరంలో ఉంటాయి. వీటి తలుపు పిడులు, మెట్ల చేతిపట్టీలు చూస్తూ తిరగడం నాకు తరగతి గది కన్నా తక్కువేమీ కాలేదు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సంగతులు చెప్పాలి. నా అనుభవం నేను ఎంచుకున్న స్టూడియో వల్ల, ఆ టీచర్ వల్ల వచ్చింది. పట్టణ ప్రణాళిక వైపు, పరిశోధన వైపు వెళ్లిన నా తోటివాళ్లలో కొందరు రంపం ముట్టకుండానే పట్టా తీసుకున్నారు, వాళ్లూ సంతోషంగానే ఉన్నారు. ప్లైవుడ్ కొనడానికి డబ్బు కావాలి. డెన్మార్క్ ధరల్లో ఆ నెల నా భోజనం చాలా సాదాగా సాగింది. విశాలమైన ఉమ్మడి స్టూడియోలో పదిమంది పని చూస్తూ పనిచేయడం ఆనందమే. రాయడానికి మాత్రం నాకు ఏకాంతం కావాలి, అందుకని థీసిస్ రాత చాలావరకు రేవు దగ్గరి డొక్‌1 గ్రంథాలయంలో చేశాను.

అన్నిటికన్నా పెద్ద సంగతి స్వేచ్ఛ. థీసిస్‌కు ముందు ఏ సమస్య మీద, ఎక్కడ, ఎందుకు పనిచేయబోతున్నాడో విద్యార్థే ప్రణాళిక రాసుకోవాలి. గదుల జాబితా, చదరపు మీటర్ల లెక్క ఎవరూ చేతికి ఇవ్వరు. ఇచ్చిన బ్రీఫ్‌కు (ఏం కావాలో చెప్పే పత్రానికి) జవాబు చెప్పడంలో ఆరితేరిన నాకు ఆ ఖాళీ కాగితం చాలా బరువుగా అనిపించింది. టీచర్లను పేరు పెట్టి పిలుస్తారు, వాళ్లూ సమానంగా మాట్లాడతారు, కానీ ఫలానాది చేయమని చెప్పరు. అడిగినా మరో ప్రశ్నే వస్తుంది. అది సరిపడేవాళ్లు ఉంటారు, లేనివాళ్లు ఉంటారు. చలికాలం చీకట్లో, ఇంటికి దూరంగా, అప్పు మీద వెళ్లినవాళ్లకు ఆ స్వేచ్ఛ ఇంకాస్త బరువు.

తిరిగి వచ్చాక పనికొస్తుందా అంటే, సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), పార్కింగ్ లెక్కలు, మున్సిపల్ అనుమతులు, వాస్తు అడిగే క్లయింట్, ఇవేవీ అక్కడ నేర్పరు, నేర్పాలని ఆశించకూడదు కూడా. హైదరాబాద్ ఎండకు ఆ దక్షిణపు కిటికీ గూడు పనికిరాదు. ఇక్కడ దాన్ని ఉత్తరం వైపు, నీడలోకి తిప్పుకున్నాను. ఇప్పుడు ఏ ఇల్లు కట్టినా సైటులో సిమెంటు లేకుండా ఇటుకలు పేర్చి, ప్లైవుడ్ ముక్కలు నిలబెట్టి, ఇంటివాళ్లను కిటికీలో కూర్చోమంటాను. మేస్త్రీలు మొదట్లో విసుక్కునేవారు. ఇప్పుడు వాళ్లే ఎత్తు సరిపోయిందో లేదో కూర్చుని చూసి చెబుతున్నారు. నా ఆఫీసులో నాకు అన్నిటికన్నా నచ్చే పని అదే.

బీఆర్క్ అయిన వెంటనే సొంతంగా ప్రాక్టీసు పెట్టి సంపాదించాల్సిన పరిస్థితి ఉంటే ఈ ఖర్చు వద్దంటాను. నేను వెళ్లేటప్పటికి సైటులో కొంత అనుభవం ఉంది, ఇంటి బాధ్యతలు తక్కువ, కొంత పొదుపు ఉంది. అవన్నీ కలిసివచ్చాయి. బీఆర్క్ నాలుగో ఏడాదిలో ఉన్న మా పిన్ని కూతురు కూడా దరఖాస్తు పెడతానంటోంది. ముందు ఏడాదిపాటు ఏదైనా సైటులో పనిచేయమని, దరఖాస్తుకు పంపే పోర్ట్‌ఫోలియోలో తను చేత్తో కట్టినది ఒక్కటైనా ఉండేలా చూసుకోమని చెప్పాను.