చీకటికి కాపలా: సివిలైజేషన్ 4లో ఒంటరి నగరం

వంతులవారీగా ఒక రాజ్యాన్ని నడిపే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 4లో ‘కస్టమ్ గేమ్’ తెర తెరిచినప్పుడు ఐచ్ఛికాల జాబితాలో వరుసగా కొన్ని గడులు కనిపిస్తాయి. ‘వన్ సిటీ ఛాలెంజ్’ అన్న గడిలో టిక్కు పెడితే ఆట ముగిసేదాకా మనకు ఒకే ఒక్క నగరం ఉంటుంది. ‘రేజింగ్ బార్బేరియన్స్’ అన్న గడిలో పెడితే ఏ రాజ్యానికీ చెందని దండులు మామూలుకంటె చాలా ఎక్కువగా పుట్టుకొస్తాయి. విడివిడిగా ఈ రెండూ చాలామంది ఆడినవే. కలిపి ఆడినప్పుడు మాత్రం, ఫిరాక్సిస్ సంస్థ రూపొందించగా 2005లో విడుదలైన ఈ ఆటను ఎంత నేర్పుగా అల్లారో తెలిసివస్తుంది. ఈ సమీక్ష ఆ ఒక్క తీరు ఆటకే పరిమితం.

2010లో వచ్చిన ఐదో భాగంలో బార్బేరియన్లు నగరాన్ని పట్టుకోలేరు. రక్షణ పూర్తిగా కూలితే కొంత బంగారం దోచుకొని పోతారు, అంతే. నాలుగో భాగంలో ఆ దయ లేదు. లోపల ఉన్న చివరి కాపలాదారు పడిపోతే నగరం వాళ్ల చేతికి పోతుంది, ఉన్నది ఒక్కటే కనుక ఆట కూడా అక్కడితో సరి. మొదట తోడేళ్లు, సింహాలు, ఎలుగుబంట్లు తిరుగుతాయి కానీ అవి మన సరిహద్దు దాటి లోపలికి రావు. ఆ నిశ్చింతకు అలవాటుపడి గుళ్లూ గోపురాలూ కట్టుకుంటూ కూర్చున్నవాడిని, కొన్ని పదుల వంతుల తరువాత వచ్చే గొడ్డలి యోధులు నిద్రలోనే పట్టుకుంటారు.

ఈ ఆటలో నాకు అన్నిటికంటె నచ్చినది రక్షణ వెనుక ఉన్న లెక్క. గొడ్డలి యోధుడి బలం 5, విలుకాడి బలం 3. అంకెలు చూస్తే విలుకాడు నిలబడేటట్టు కనిపించడు. కానీ నగరాన్ని కాచేటప్పుడు అతనికి 50 శాతం అదనం, కదలకుండా కొన్ని వంతులు పాతుకొని ఉంటే మరో 25 శాతం, నగర సంస్కృతి పెరిగి సరిహద్దు తొలిసారి విస్తరించాక ఇంకో 20 శాతం వచ్చి చేరతాయి. మైదానంలో కట్టిన నగరమైతే ఇవన్నీ కలిపి అతని బలం 5.85 అవుతుంది, అంటే గండం గట్టెక్కడానికి బొటాబొటి. అదే నగరం కొండ మీద ఉంటే, కొండకు 25, కొండ మీద విలుకాడికి ప్రత్యేకంగా మరో 25 కలిసి బలం 7.35కు చేరుతుంది. మొదటి వంతులో నగరాన్ని ఎక్కడ పాదుకొల్పాలా అని నది వైపూ పంట నేలల వైపూ చూసేవాళ్లం, ఈ లెక్క తెలిశాక ముందు కొండ ఎక్కడుందా అని వెతుకుతాం. ఇక మామూలు పోరు యోధుడిని కాపలా పెట్టడం కంటె తెలివితక్కువ పని లేదు, ఎందుకంటే ఎదురెదురుగా కలబడే దళాల మీద గొడ్డలివాడికి 50 శాతం అదనపు బలం ఉంది. విలుకాడి మీద అది చెల్లదు.

ఇంత లెక్క తెలిసినా నేను మొదటిసారి ఓడిపోయాను. తప్పు నాదే. నగరంలో ఇద్దరు విలుకాండ్రు ఉన్నారు, పటం మీద రెండు గడుల అవతల కొత్తగా తవ్విన రాగి గని ఉంది. ఒక గొడ్డలివాడు ఆ గని వైపు నడుస్తూ కనిపించగానే దానిని కాపాడాలని ఒక విలుకాడిని బయటికి పంపాను. మైదానంలో అతనికి నగరపు అదనమూ లేదు, పాతుకున్న అదనమూ లేదు. ఒక్క దెబ్బకు పోయాడు. మరుసటి వంతుకు, పటంలో మన చూపు పడని చీకట్లోంచి మరో ఇద్దరు దిగారు. మనం దాడి చేసేటప్పుడు గెలుపు అవకాశం ఎంతో ఆట శాతాల్లో చూపిస్తుంది. మన మీద దాడి జరిగేటప్పుడు మాత్రం ఏమీ చూపదు. వంతు ముగించే మీట నొక్కి, ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండాల్సిందే.

గని పోతే మళ్లీ తవ్వుకోవచ్చునన్న బుద్ధి ఆ ఓటమితో వచ్చింది. అసలు సంగతి మాత్రం అంతకంటె లోతైనది. బార్బేరియన్లు ఎవరి చూపూ పడని, ఎవరికీ చెందని నేల మీదే పుడతారు. కాబట్టి ఒంటరి నగరాన్ని కాచేది గోడకంటె ముందు చూపే. చుట్టూ ఉన్న అడవి కొండల మీద ఒక్కొక్క యోధుడిని నిలిపి ఉంచితే, ఆ మేరకు దండులు పుట్టే చోటు తగ్గిపోతుంది. అడవి 50, కొండ 25 శాతం రక్షణ ఇస్తాయి కనుక 2 బలం ఉన్న చవక యోధుడు కూడా అక్కడ కొంతకాలం నిలుస్తాడు. మన గుళ్ల మండపాల రాతి పలకల మీద చెక్కి ఉండే పులిజూదం ఆడినవారికి ఇది కొత్త కాదు: మేకకు బలం ఉండదు, నిలబడిన చోటే దాని బలం. చిక్కల్లా ఏమిటంటే, ఇంత ముఖ్యమైన సూత్రాన్ని ఆట ఎక్కడా నొక్కి చెప్పదు. కొత్తవారు పదిసార్లు ఓడి తెలుసుకోవాలి.

ఆపదలో అక్కరకు వచ్చేది బానిసత్వం అనే విధానం. కంచు విద్య నేర్చుకుంటే ఇది వస్తుంది. మామూలు వేగపు ఆటలో జనాభాలో ఒక అంకెను బలి ఇస్తే 30 సుత్తుల (ఆటలో ఉత్పత్తిని కొలిచే గుర్తు) ఉత్పత్తి దక్కుతుంది, విలుకాడికి అయ్యేది 25. శత్రువు గుమ్మంలో ఉన్నప్పుడు ఒక్క వంతులో ఒక కాపలాదారు లేస్తాడు. ఆ మీట నొక్కిన ప్రతిసారీ మనసు కొద్దిగా చివుక్కుమంటుంది, అయినా నొక్కుతాం.

2006లో వచ్చిన వార్‌లార్డ్స్ విస్తరణ (అసలు ఆటకు జోడించే అదనపు భాగం) ఈ ఉత్కంఠను కొంత పాడుచేసిందనే నా అభిప్రాయం. అందులో మహా కుడ్యం (‘గ్రేట్ వాల్’ అనే అద్భుత కట్టడం) కట్టినవారి సరిహద్దులోకి నేల మీద నడిచే బార్బేరియన్లు అడుగుపెట్టలేరు, దగ్గర్లో రాయి దొరికితే నిర్మాణం రెట్టింపు వేగంతో సాగుతుంది. కట్టగానే భయం పోతుంది, దానితో పాటు ఆట రుచీ పోతుంది. నేను దానిని కట్టడం మానేశాను. మరొక లోపం: పొరుగు రాజ్యాలు ఖాళీ నేలను నింపేసిన తరువాత చీకటే మిగలదు, దండులూ రావు, ఆ పైన ఇది మామూలు సివిలైజేషన్ ఆటే. ఈ సమీక్ష చెప్పే రసమంతా మొదటి నూరు, నూటయాభై వంతుల్లోనే ఉంది.

256 ఎంబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ల కాలంలో చేసినది కనుక ఇంట్లో మూలపడిన పాత ల్యాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది. ప్రస్తుతం నేను మాలి రాజ్యంతో ఆడుతున్నాను. వారి విలుకాడి బలం 3 కాదు, 4. టింబక్టు కొండ మీద ఉంది, ఉత్తరాన అడవి గుట్ట మీద ఒక యోధుడు ముప్పై వంతులుగా కదలకుండా నిలబడి ఉన్నాడు, రాగి గని మాత్రం ఇంకా తవ్వలేదు.