హైక్రాస్ హైబ్రిడ్: సూపర్‌చార్జర్ లేని నాలుగు సిలిండర్లతో లక్ష కిలోమీటర్లు

మా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ ఈ మధ్యే లక్ష కిలోమీటర్లు దాటింది. హన్మకొండలో నాది విత్తనాల వ్యాపారం. నర్సంపేట, పరకాల, భూపాలపల్లి, ములుగు డీలర్ల చుట్టూ తిరగడం, సందు దొరికితే హైదరాబాద్ పోయి రావడం. బండికి రికాం ఉండదు. అంతకుముందు నడిపింది పాత డీజిల్ ఇన్నోవా.

కొన్న కొత్తలో అందరిదీ ఒకటే ప్రశ్న. "టర్బో లేదంటివి, సూపర్‌చార్జర్ లేదంటివి, ఏడుగురు ఎక్కితే లాగుతదా?" లాగుతుంది. ఎందుకు లాగుతుందో కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే హైబ్రిడ్ ఎస్‌యూవీలు చూసేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

సూపర్‌చార్జర్ అంటే ఇంజన్‌కే బెల్టుతో తగిలించిన గాలి పంపు. సిలిండర్లలోకి మామూలుగా పోయే దానికంటే ఎక్కువ గాలిని తోస్తుంది. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ మండించొచ్చు, చిన్న ఇంజనే పెద్ద ఇంజన్ పని చేస్తుంది. టర్బో కూడా అలాంటి గాలి పంపే, కానీ అది తిరగడానికి పొగ ఒత్తిడి కావాలి కాబట్టి కింది ఆర్‌పీఎంలో, అంటే ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు, కాస్త తడుముకుంటుంది. సూపర్‌చార్జర్‌కు ఆ తడబాటు లేదు. కానీ అది తిరగడానికి కావాల్సిన బలం ఇంజన్ నుంచే తీసుకుంటుంది. అంటే ముందు తిని, తర్వాత పెడుతుంది.

హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజన్‌కు తోడు కరెంటు మోటారు ఉన్న బండి; కింది ఆర్‌పీఎం పని చూసుకోవడానికి ఆ మోటారు ఉండనే ఉంది. హైక్రాస్ మోటారు టార్క్ (తిప్పే బలం) 206 న్యూటన్ మీటర్లు, అదీ చక్రం కదిలిన క్షణం నుంచే. ఇంజన్ 1,987 సీసీ, అట్కిన్సన్ సైకిల్‌ది: గాలి వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, బలం కొంత తగ్గుతుంది, పెట్రోలు ఆదా అవుతుంది. తగ్గిన బలాన్ని మోటారు పూడుస్తుంది. రెండూ కలిస్తే 186 పీఎస్ (దాదాపు అన్ని హార్స్‌పవర్ అనుకోండి).

మరి సూపర్‌చార్జర్ పెట్టిన హైబ్రిడ్లు లేవా అంటే, ఉన్నాయి. నిస్సాన్ 2014 మోడల్ పాత్‌ఫైండర్ హైబ్రిడ్‌లో ఆరు సిలిండర్ల వీ6 స్థానంలో 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల సూపర్‌చార్జర్ ఇంజన్ పెట్టింది. తోడుగా 15 కిలోవాట్ల చిన్న మోటారు. మొత్తం 250 హార్స్‌పవర్. ఆ మోటారు ఒక్కటే అంత బండిని లాగలేదు కాబట్టే సూపర్‌చార్జర్ కావాల్సొచ్చింది. అది మన దేశానికి రాలేదు, అమెరికాలోనూ ఎక్కువ కాలం అమ్మలేదు. వోల్వో ఎక్స్‌సీ90 టీ8 కథ వేరు. అప్పటి మోడల్‌లో 1,969 సీసీ ఇంజన్‌కు సూపర్‌చార్జర్, టర్బో రెండూ ఉండేవి, వెనక చక్రాలకు వేరే మోటారు. ఇది 2016లో మన దేశానికి వచ్చింది, అప్పటి ధర కోటీ పాతిక లక్షలు. నక్కలగుట్టలో ఉండే మా డాక్టర్ మిత్రుడిది ఒకటుంటే జనగామ దాకా నేనే నడిపా. కాలు పెడితే చాలు, సీటుకు అతుక్కుపోతాం. కింది ఆర్‌పీఎంలో సూపర్‌చార్జర్ తోస్తుంది, వేగం పెరిగాక క్లచ్‌తో అది పక్కకు తప్పుకుంటుంది, అక్కడి నుంచి టర్బో. ఇంజనీరింగ్‌గా చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఒకే ఇంజన్ మీద బెల్టు, క్లచ్, టర్బో, వచ్చిన వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, పైన హైబ్రిడ్ సామాను. వారంటీ అయిపోయాక వరంగల్‌లో దీని బానెట్ ఎత్తి ధైర్యంగా చేయి పెట్టే మెకానిక్‌ను నాకు చూపించండి. అది బలం కోసం కొనే బండి, నాలాగా కిలోమీటర్ల లెక్క చూసుకునేవాళ్లకు కాదు.

మా బండిలో పాడు కావడానికి అసలు ఉన్నవే తక్కువ. వేరే స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు, వాటి బెల్టులూ లేవు. ఏసీ కంప్రెసర్ కరెంటుతోనే తిరుగుతుంది. గేర్ బాక్స్‌ను పేరుకు ఈ-సీవీటీ అంటారు గానీ లోపల ఉన్నది గ్రహాల్లా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే పళ్ల చక్రాలు, రెండు మోటార్లు. అరిగిపోయే క్లచ్ ప్లేటంటూ లేదు. ఇన్ని కిలోమీటర్లకు ఇంజన్‌లో గానీ గేర్ బాక్స్‌లో గానీ రిపేరు పడలేదు. సగం బ్రేకు మోటారే వేస్తుంది కాబట్టి ప్యాడ్లు డీజిల్ బండి కంటే చాలా ఎక్కువ కాలం వచ్చాయి.

మైలేజీ విషయానికొస్తే, కంపెనీ కాగితం మీద లీటరుకు 23.24 కిలోమీటర్లు. అంత రాదు, ఆశ పెట్టుకోవద్దు. కాజీపేట నుంచి పోచమ్మ మైదాన్ దాకా ట్రాఫిక్‌లో పడుతూ లేస్తూ పోతే 17, 18 వస్తుంది. జనగామ హైవే మీద 90 దాటకుండా పోయినా దాదాపు అంతే. 120 పట్టిస్తే 14కు జారుతుంది, ఎందుకంటే అక్కడ మోటారుకు పని తక్కువ, లాగేదంతా ఇంజనే. ఊళ్లో తక్కువ, హైవే మీద ఎక్కువ అనే పాత లెక్క ఇక్కడ నడవదు. రోజంతా అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉరికించేవాళ్లకు హైబ్రిడ్‌కు పెట్టిన అదనపు డబ్బు అంత తొందరగా తిరిగి రాదు.

నిండా మనుషులు, సామాను ఉండి ఓవర్‌టేక్‌కు గట్టిగా తొక్కితే ఇంజన్ ఒక్కసారి అరుస్తుంది. మొదట్లో ఏదో అయిందనుకుంటారు. ఏం కాదు, ఈ రకం గేర్ బాక్స్ స్వభావమే అది.

దీని అసలు విలువ మేడారం జాతరలో తెలిసింది. 2024 ఫిబ్రవరిలో పస్రా దాటాక బండ్లు ఆగిపోయాయి. వెనక సీట్లో అమ్మ, పిల్లలు, ఒళ్లో బంగారం మూట (బెల్లమే లెండి, వరంగల్ బయటివాళ్ల కోసం చెప్తున్నా). ఏసీ నడుస్తూనే ఉంది, ఇంజన్ మాత్రం అప్పుడప్పుడు లేచి బ్యాటరీ నింపి మళ్లీ పడుకుంటోంది. పక్కన డీజిల్ బండ్లన్నీ ఆగకుండా గుర్రుమంటున్నాయి. జరిగేది మూరెడు, కాలేది బోలెడు.

ఇక జాగ్రత్త పడాల్సిన సంగతి. ఈ బండిలో నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ముందు సీట్ల కింద ఉంటుంది. అది చల్లబడేది మనం కూర్చునే క్యాబిన్ గాలితోనే. నేను ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి శాంపిల్ సంచులు సీట్ల మధ్యే పడేసి తెచ్చేవాణ్ని. ఒక వేసవిలో కింది నుంచి ఫ్యాన్ హోరు పెరిగింది. సర్వీసు కుర్రాడు బ్యాటరీకి గాలి పోయే జాలీ ఊడదీశాడు. తేజ మిర్చి తాలు, గింజలు, ఎర్రటి దుమ్ము పలకలా గట్టిపడి ఉంది. వాడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఊదాడు. ఆ తర్వాత వరుస తుమ్ములు, కళ్లనిండా నీళ్లు. "సార్, ఇది బండా, కారం గిర్నీయా?" అన్నాడు. జాలీ కడిగి పెట్టగానే హోరు పోయింది. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు కాస్తాయి, గాలి అందకపోతే బ్యాటరీ వయసు కరుగుతుంది. పత్తి, మిర్చి, బియ్యం వ్యాపారంలో ఉన్నవాళ్లు ప్రతి సర్వీసులో ఆ జాలీ అడిగి మరీ చూపించుకోండి.

రెండోది ఆయిల్. దీనికి పోయాల్సింది 0డబ్ల్యూ-16, నీళ్లలా పల్చగా ఉంటుంది. బయట ఒక గ్యారేజీలో "ఇంత పల్చటిది మన ఎండలకు ఆగదు సార్" అని 20డబ్ల్యూ-40 డబ్బా మూత తీయబోయాడు. పక్కనే ఉన్నా కాబట్టి ఆపా. ఈ ఇంజన్ రోజులో ఎన్నోసార్లు ఆగుతుంది, లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఆయిల్ వెంటనే పైదాకా అందాలి. చిక్కటిది పోస్తే మైలేజీ కూడా పడిపోతుంది. బానెట్ తెరిచి ఉన్నంతసేపు నారింజ రంగు వైర్ల జోలికి ఎవర్నీ పోనివ్వకండి, అవి హై వోల్టేజీవి. గోదాముల పక్కన బండి పెట్టేవాళ్లకు ఎలుకల భయం ఎలాగూ తెలుసు.

బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. నేను తిరిగే తీరుకు కిలోమీటర్లే ముందు అయిపోతాయి. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు అందుకే తయారైన ఏడాది ఒక్కటే చూసి మోసపోవద్దు. మీటరు చూడండి, సర్వీసు రికార్డులో ఏ ఆయిల్ పోశారో చదవండి, డబ్బులిచ్చే ముందు సీటు కింద జాలీ తీయించండి. తీయనంటే ఇంకో బండి చూసుకోండి.