బాండ్ ఓటింగ్‌లో టర్నౌట్ రూల్: 5కి 2 స్టార్లు

నీళ్ల పైపులైన్లకో కరెంటు గ్రిడ్‌కో బాండ్లు (అంటే సర్కారు రాసిచ్చే అప్పు పత్రాలు) అమ్మి అప్పు తేవాలంటే జనం ఓటేసి ఒప్పుకోవాలి, ఒప్పుకున్నా సరిపోదు, కనీసం ఇంతమందైనా ఓటేసి ఉండాలి అనే టర్నౌట్ రూల్ కొన్ని చోట్ల ఉంది కదా, ఈ రివ్యూ దాని గురించే. ఉద్దేశం మంచిదే. పట్టుమని పదిమంది పట్టించుకోని ఎలక్షన్‌తో ఏళ్ల తరబడి తీర్చే అప్పు అందరి నెత్తినా రుద్దకూడదు, అంతే. వాడకంలోకి వచ్చేసరికే తంటా అంతా.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం మోడల్ చూడండి. ఆస్తి పన్ను అదనంగా వేసి తీర్చే బాండ్లకి 60 శాతం మంది సరే అనాలి, పైగా అంతకుముందు జనరల్ ఎలక్షన్‌లో ఎంతమంది ఓటేశారో అందులో 40 శాతం మందైనా ఇప్పుడు వెయ్యాలి. పోయినసారి 10,000 ఓట్లు పడ్డాయనుకుందాం, అంటే ఇప్పుడు 4,000 కావాలి. 3,900 పడి అందులో 3,500 సరే అన్నా బాండ్ ఫెయిల్. అదే ఇంకో 100 మంది పనిగట్టుకుని వద్దు అని వేశారనుకోండి, 4,000 నిండిపోయింది, సరే అన్నవాళ్లు 87.5 శాతం, పాస్! వద్దనేవాళ్లే దగ్గరుండి గెలిపించారన్నమాట. అక్కడ బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది, దాన్ని తిరిగి పంపకుండా టేబుల్ మీద అలా పడేసి ఉంటే వాళ్ల పని అయిపోయేది. ఇదెక్కడి లెక్కండీ బాబూ.

ఇంకో తిరకాసు ఏంటంటే ఆ 40 శాతం ఎప్పుడూ ఒకే నంబర్ కాదు, ప్రెసిడెంట్ ఎలక్షన్ అయిన వెంటనే ఫిబ్రవరిలో పెడితే టార్గెట్ ఎక్కడో ఉంటుంది, చప్పగా సాగిన బేసి సంవత్సరం నవంబర్ తర్వాత పెడితే అదే బాండ్‌కి కిందికి దిగిపోతుంది. నెల బిల్లుల వసూళ్లతో తీర్చే రెవెన్యూ బాండ్లకైతే చాలావరకు ఓటింగే ఉండదు, కట్టేది మాత్రం మళ్లీ ఆ జనమే.

జర్మనీలో బెర్లిన్ మోడల్ నయం, అక్కడిది బాండ్లకి కాదు, జనం ఓటేసి నేరుగా తేల్చే రెఫరెండాలకి ఉన్న రూల్ అనుకోండి. ఎంతమంది వచ్చారని కాదు, మొత్తం ఓటర్లలో 25 శాతం మంది సరే అనాలి, కాబట్టి పైన చెప్పిన కామెడీకి చాన్సే లేదు, వద్దు ఓటు ఎప్పుడూ వద్దు కిందే పనిచేస్తుంది. కానీ తేదీ దగ్గర దెబ్బ కొడుతుంది. కరెంటు గ్రిడ్ మళ్లీ సిటీ చేతికి రావాలని 2013లో ఓటింగ్ పెట్టారు, సెప్టెంబర్ 22న పార్లమెంటు ఎలక్షన్‌తో కలిపి పెట్టకుండా నవంబర్ 3కి తోశారు. వేసినవాళ్లలో 83 శాతం సరే అన్నారు, అయినా మొత్తం ఓటర్లలో అది 24 శాతం చిల్లర, సుమారు 21 వేల ఓట్లు తక్కువై పోయింది. జర్మనీలోనే ఇంకో సిటీ హాంబర్గ్‌లో దాదాపు ఇదే ప్రశ్న సెప్టెంబర్ 22నే పెట్టారు, వేసినవాళ్లలో 50.9 శాతంతో పాసైపోయింది!

వాషింగ్టన్‌కి 2, బెర్లిన్‌కి మూడున్నర. బెర్లిన్ లెక్క అలాగే ఉంచి, తేదీ మాత్రం పెద్ద ఎలక్షన్ రోజే అని చట్టంలో రాసేస్తే ఇంకో అర స్టార్ పెంచుతా.