ఊపిరి సరే, ఉక్క సంగతేంది? 1,140 గంటలు ఆడాక ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్ గురించి

కంప్యూటర్ గేమ్‌లు కొని ఆడే స్టీమ్‌లో ఈ గేమ్‌కి నా లెక్క 1,140 గంటలు చూపిస్తోంది. అందులో ఓ యాభై అరవై గంటలు గేమ్‌ని పాజ్‌లో పెట్టి సంపు చూసి రావడానికో, అంగడికి పోయి రావడానికో పోయాయి అనుకున్నా మిగతాదంతా నిజంగా కూర్చుని ఆడిందే. ఇందులో మొదట్నుంచి మొదలెట్టి కట్టే ఒక్కో ఊరిని కాలనీ అంటారు. ఇన్ని గంటలు ఆడి రాకెట్ పైకి పంపింది రెండు కాలనీల్లోనే. మిగతావన్నీ ఆకలికో, ఉక్కకో, నా తెలివితక్కువకో పోయాయి. కాబట్టి ఇది ఆరితేరినవాడు రాసే రివ్యూ కాదు, దెబ్బలు తిన్నవాడు రాసేది.

2020 లాక్‌డౌన్‌లో సేల్‌లో కనబడితే కొన్నాను. బొమ్మలు చూసి చిన్నపిల్లల ఆట అనుకున్నా. పెద్ద పెద్ద తలలు, పుల్లల్లాంటి కాళ్లు, ఏ పని చెప్పినా ఊగుకుంటూ పరిగెత్తే మనుషులు. వీళ్లని డూప్లికెంట్లు అంటారు, ఆడేవాళ్లందరికీ డూపులే. ఒక గ్రహశకలం కడుపులో ముగ్గురు డూపులు కళ్లు తెరుస్తారు, చుట్టూ మట్టి, రాయి, కాస్త నీళ్లు, కొన్ని రోజులకు సరిపడా గాలి. చీమల పుట్టని నిలువుగా కోసి పక్కనుంచి చూస్తే ఎట్లా ఉంటుందో మొత్తం గేమ్ అట్లా కనబడుతుంది. తవ్వాలి, గదులు కట్టాలి, తిండి పండించాలి, కరెంటు, నీళ్లు, మరుగుదొడ్లు అన్నీ మనమే చూసుకోవాలి. వాంకూవర్‌లో ఉండే క్లే ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్లు చేశారు. 2017 నుంచి ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తి కాకముందే అమ్మే దశలో ఉండి 2019 జులై 30న పూర్తి గేమ్‌గా వచ్చింది.

పేరులో ఆక్సిజన్ అని ఉంది కదా, అందుకని అందరం మొదట దాని వెనకే పడతాం. ఒక్కో డూపు సెకనుకి 100 గ్రాముల ఆక్సిజన్ పీలుస్తాడు. గేమ్‌లో ఒక రోజు, అంటే సైకిల్, 600 సెకన్లు. అంటే మనిషికి రోజుకి 60 కేజీలు. మొదట్లో పాచితో ఆక్సిజన్ తీసే యంత్రం ఉంటుంది, అది సరిపోతుంది, పాచి అయిపోయేదాకా. ఇంతలో మూడు సైకిళ్లకోసారి ప్రింటింగ్ పాడ్, అంటే డూపుల్ని తయారుచేసే యంత్రం, కొత్త మనిషిని ఇస్తానంటుంది. నేను మొదటి కాలనీలో ప్రతిసారీ సరే సరే అని తీసుకున్నాను, పెళ్లికి పిలిచినట్టు. పన్నెండు మంది అయ్యారు. పాచి అయిపోయింది. అంతే.

రెండో కాలనీలో పడకలు అన్నిటికంటే కింది అంతస్తులో పెట్టాను, పైన పనులు జరుగుతుంటాయి, కింద ప్రశాంతంగా పడుకుంటారు కదా అని. రాత్రయ్యేసరికి అందరూ మెడ పట్టుకుని లేస్తున్నారు. కారణం కనుక్కోవడానికి నాకు గంట పట్టింది. వాళ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ బరువు, అది కిందికి దిగి గుంటలో నీళ్లు నిలిచినట్టు నిలుస్తుంది. పాడుబడ్డ బావిలోకి దిగేముందు తాడుకి దీపం కట్టి దించి చూడాలిరా, ఆరిపోతే దిగకూడదు అని మా తాత చెప్పేవాడు. ఆ మాట చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, అయినా గేమ్‌లో ఎనిమిది మందిని ఆ బావిలోనే పడుకోబెట్టాను. ఆక్సిజన్ మధ్యలో, హైడ్రోజన్ పైన, కార్బన్ డయాక్సైడ్ అడుగున. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కాక ఇల్లు కట్టే పద్ధతే మారిపోయింది.

సరే, ఆక్సిజన్ గొడవకి ఒక శాశ్వత పరిష్కారం ఉంది, ఎలక్ట్రోలైజర్. సెకనుకి ఒక కేజీ నీళ్లు పోస్తే 888 గ్రాముల ఆక్సిజన్, 112 గ్రాముల హైడ్రోజన్ ఇస్తుంది. హైడ్రోజన్‌ని జనరేటర్‌లో మండిస్తే ఆ యంత్రానికి కావల్సిన కరెంటు వచ్చి ఇంకా మిగులుతుంది. నీళ్లు పోసినంత కాలం తనంతట తనే నడుస్తుంది. ఇది మొదటిసారి సరిగా పనిచేసిన రాత్రి నేను నిద్రపోలేదు. అరవయ్యో సైకిల్ అనుకుంటా. కాలనీ మొత్తం లేత నీలంగా, ఎక్కడ చూసినా స్వచ్ఛమైన గాలి. ఇంక గెలిచేశాం అనుకున్నా.

నూట పదో సైకిల్‌కి ఆకలి మొదలైంది. తిండి ఎందుకు తగ్గుతుందో అర్థం కాలేదు. మీల్‌వుడ్ మొక్కలు ఉన్నాయి, మట్టి ఎరువు పడుతోంది, చేసే మనిషి ఉన్నాడు, కానీ కాపు లేదు. ఒక మొక్క మీద క్లిక్ చేస్తే 31 డిగ్రీలు అని ఉంది. ఆ మొక్క 30 దాటితే పెరగదు. ఎఫ్3 నొక్కి ఉష్ణోగ్రత చూశాను. మొదట్లో పచ్చగా ఉండే కాలనీ పసుపు, నారింజ, పైన గాలి గొట్టాల దగ్గర ఎరుపు. అప్పుడు తెలిసింది, ఎలక్ట్రోలైజర్ నుంచి వచ్చే ఆక్సిజన్ 70 డిగ్రీల్లో వస్తుందని. యాభై సైకిళ్లుగా నేను మా వాళ్ల ఇంట్లోకి వడగాలి తోలుతున్నాను. మీటర్లన్నీ బాగున్నాయి, అందరూ ఊపిరి పీలుస్తున్నారు, కొలిమి మాత్రం నెమ్మదిగా రాజుకుంటోంది. పోయిన కాలనీల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది ఇదే, ఎందుకంటే తప్పు చేసిన రోజుకీ శిక్ష పడిన రోజుకీ మధ్య నిజంగా నేను ఆడిన ఎనిమిది గంటలు ఉన్నాయి.

ఈ గేమ్‌లో వేడి దానంతట అది ఎక్కడికీ పోదు. బొగ్గు జనరేటర్, బ్యాటరీ, దీపం, చివరికి వంట పొయ్యి, అన్నీ చుట్టూ ఉన్న గాలిని, గోడని, నీళ్లని కొద్దికొద్దిగా వేడి చేస్తూ ఉంటాయి. తిరుపతిలో మేలో మిద్దె ఇంట్లో పడుకున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, పొద్దు గుంకి నాలుగు గంటలైనా స్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది, ఫ్యాన్ తిప్పితే ఆ సెగే మొహాన కొడుతుంది. నాకు అలవాటైన బాధే, కానీ గేమ్‌లో దాన్ని ఒక లెక్కగా చూడాలని తోచలేదు.

తర్వాతి కాలనీలో ముందే జాగ్రత్తపడి ఆక్వాట్యూనర్ కట్టాను. ఇది 1,200 వాట్లు తింటుంది, తన గుండా పోయే ద్రవాన్ని 14 డిగ్రీలు చల్లబరుస్తుంది. చల్లటి నీళ్లని గొట్టాల్లో పొలం చుట్టూ తిప్పాను. పొలం చల్లబడాలి కదా, ఇంకా మండింది. వారం పాటు తలకొట్టుకున్నాను. ఈలోపు మా ఇంట్లో ఏసీ సరిగా పనిచేయక బావని పిలిచాం, ఆయన ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఫిల్టర్ కడిగి, చేతులు తుడుచుకుంటూ నా వెనక నిలబడ్డాడు.

"ఏంది బామ్మర్దీ అంత ఎర్రగా?"

"టెంపరేచర్ బావా. ఈ పెట్టె నీళ్లని చల్లబరస్తది. అయినా గది వేడెక్కతానే ఉంది."

"ఆ పెట్టె యాడ పెట్టినావు?"

"ఇక్కడే, పొలం పక్కన."

ఆయన ఒక్క క్షణం చూసి నవ్వాడు. "అవుట్‌డోర్ యూనిట్ తెచ్చి మంచం కింద పెట్టుకున్నట్టుంది నీ యవ్వారం. లోపల లాగిన సెగంతా లోపలే కక్కతా ఉంటే చల్లబడేదెట్లా?"

వారం రోజులు, మూడు యూట్యూబ్ వీడియోలు, బావకి పట్టింది అర నిమిషం. నీళ్లలోంచి తీసిన వేడిని ఆ యంత్రం మాయం చేయదు, తన ఒంట్లోకి తీసుకుంటుంది. దాన్ని బయట పెట్టు అన్నాడు బావ. కానీ రాయి లోపల బతికేవాళ్లకి బయట అంటూ ఏముంది? మా వీధిలో అందరి అవుట్‌డోర్ యూనిట్లూ ఒకే సందులోకి ఊదుతాయి, ఆ సందులో నడిస్తే తెలుస్తుంది. ఇక్కడ ఆ సందు కూడా మన ఇల్లే.

దానికి గేమ్ ఇచ్చే దోవ ఆవిరి టర్బైన్. వేడిని ఆపే ఇటుకలతో గది కట్టి అందులో కాస్త నీళ్లు పోసి ఆక్వాట్యూనర్ పెడతాం. అది కాగి కాగి నీళ్లని ఆవిరి చేస్తుంది, ఆవిరి 125 డిగ్రీలు దాటితే పైన కూర్చున్న టర్బైన్ దాన్ని పీల్చుకుని 95 డిగ్రీల నీళ్లుగా వదులుతుంది, మధ్యలో పోయిన వేడి కరెంటు అవుతుంది. ఒక్కో టర్బైన్ 850 వాట్ల దాకా ఇస్తుంది. పెట్టిన ఖర్చంతా తిరిగి రాదు, కొంత వస్తుంది. కానీ వేడి పోతుంది, నిజంగా పోతుంది, అదీ కావల్సింది. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. గొట్టాల్లో తిప్పడానికి మంచి నీళ్ల కంటే మరుగుదొడ్డి నుంచి వచ్చే మురికి నీళ్లు మేలు, ఎందుకంటే అవి మైనస్ 20 దాకా గడ్డకట్టవు. పైగా మరుగుదొడ్డిలో 5 కేజీల నీళ్లు పోస్తే 11.7 కేజీల మురికి నీళ్లు బయటికి వస్తాయి. ఆ మిగతా 6.7 ఎక్కడ్నుంచి వస్తాయని అడక్కండి, మనుషులు కదా.

అయితే ఆక్వాట్యూనర్‌ని మామూలు ఖనిజంతో కడితే ఆ ఆవిరి గదిలో అదే కాలిపోతుంది, ఉక్కుతో కట్టాలి. ఉక్కుకి ఇనుము, శుద్ధి చేసిన కార్బన్, సున్నం కావాలి. సున్నం గుడ్డు పెంకుల్ని దంచితే వస్తుంది. గుడ్లకి హ్యాచ్‌లని పెంచాలి, అవి రాళ్లు తిని బొగ్గు వేసే జంతువులు. అంటే పొలం చల్లబడాలంటే పశువుల కొట్టం కట్టాలి! మొదటిసారి ఈ గొలుసు మొత్తం కళ్లముందు కనబడినప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది. ఒక పని చేయబోతే దాని వెనక మూడు పనులు బయటపడటం ఇల్లు కట్టినవాళ్లకి కొత్త కాదు గానీ, గేమ్‌లో అది సరదాగా ఉంటుంది, డబ్బులు పోవు కాబట్టి.

డూపుల గురించి చెప్పకపోతే అన్యాయం. వాళ్లకి బుద్ధి తక్కువ, ప్రాణం ఎక్కువ. తను నిలబడిన మెట్టుని తనే తవ్వుకుని గుంటలో పడి, పైకి రాలేక ఏడుస్తూ కూర్చుంటారు. టెన్షన్ ఎక్కువైతే ఒకడు వాంతులు చేసుకుంటాడు, ఒకడు సామాన్లు పగలగొడతాడు, ఒకామె బోరున ఏడుస్తుంది. గ్యాస్ వదిలే గుణం ఉన్నవాడొకడు ఉంటాడు, వాడు వదిలేది నిజంగానే సహజవాయువు, పడకగదిలో మెల్లగా పేరుకుంటుంది. పేర్లు మార్చుకోవచ్చు, నేను ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టాను. అది పొరపాటు. మా అమ్మ ఒకరోజు తెర మీద తన పేరున్న మనిషి మరుగుదొడ్డి కడగడం చూసింది. "ఇంట్లో చేసేది చాల్లేదని దాంట్లో కూడా నాతోనే చేయిస్తాండావా" అంది. అప్పట్నుంచి గేమ్ ఇచ్చిన పేర్లే ఉంచుతున్నా.

నచ్చనివి చెప్తా. గేమ్ తనంతట తను దేన్నీ సరిగా నేర్పదు. వేడి గురించి పైన నేను రాసినదాంట్లో సగం బయట చూసి నేర్చుకున్నదే, బావ లెక్కలో వేస్తే ముప్పావు. కాలనీ పెద్దదయ్యే కొద్దీ నడక నెమ్మదిస్తుంది, ఎందుకంటే ప్రతి గడిలో గాలి ఎంత, వేడి ఎంత, ఏ డూపు ఏ దారిన పోవాలి అన్నీ లెక్కేస్తూ ఉండాలి. 800 సైకిళ్లు దాటాక నా పాత ల్యాప్‌టాప్‌లో మూడో స్పీడు నొక్కినా ఒకటో స్పీడులాగే నడిచేది, కీబోర్డు మీద దోసె వేయొచ్చు అన్నంత కాగేది. వేడి గురించి గేమ్ ఆడుతూ ఒళ్లో ఉడుకుతున్న పెట్టె పెట్టుకోవడం, అదొక ముచ్చట. ప్రాసెసర్ మంచిదుంటే పర్వాలేదు, గ్రాఫిక్స్ కార్డు కోసం డబ్బు తగలేయక్కర్లేదు. ఫోన్లో రాదు, నలుగురు కలిసి ఆడేది లేదు, తెలుగు లేదు.

స్పేస్డ్ ఔట్ అనే డీఎల్‌సీ, అంటే విడిగా కొనుక్కునే అదనపు భాగం, 2021 డిసెంబర్‌లో పూర్తిగా వచ్చింది. ఒక పెద్ద గ్రహశకలం బదులు చిన్నచిన్నవి చాలా ఉంటాయి, రాకెట్లలో అటూ ఇటూ సామాన్లు, మనుషుల్ని తిప్పాలి. అసలు గేమే నాకు ఇంకా పూర్తిగా లొంగలేదు, కాబట్టి దాన్ని తర్వాత కొనుక్కోండి అనే అంటాను. కానీ నా మొదటి రాకెట్ ఎగిరింది దాంట్లోనే. ఆవిరితో నడిచే ఇంజన్. శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి రాకెట్ అంటే మాకు టీవీలో కౌంట్‌డౌన్ వినిపించగానే మిద్దెక్కి తూర్పుకి చూడటం అలవాటు. గేమ్‌లో కౌంట్‌డౌన్ లేదు, నేనే నోటితో చెప్పుకున్నా, పదినుంచి.

ఎవరు కొనాలి? ఆఫీసు నుంచి వచ్చి అరగంట ఆడి పడుకుందాం అనుకునేవాళ్లు దయచేసి వద్దు, అరగంటలో ఒక గొట్టం కూడా సరిగా వేయలేరు. తుపాకీ కావాలన్నా వద్దు. మోటరు ఎందుకు నీళ్లు ఎత్తట్లేదో తేలేదాకా అన్నం ముట్టనివాళ్లు ఇంటికొకరు ఉంటారు, వాళ్లకి మాత్రం కళ్లు మూసుకుని చెప్తా, సేల్ వచ్చినప్పుడు కొనండి. మొదటి మూడు కాలనీలు పోతాయి. పోనివ్వండి, సేవ్ ఫైల్ వెనక్కి తిప్పకండి.

ఇప్పుడున్న కాలనీ 640వ సైకిల్‌లో ఉంది, పదకొండు మంది, పొలం 24 డిగ్రీలు. నిన్న కింద ఒక మూల తవ్వుతుంటే అగ్నిపర్వతం బయటపడింది. దాని చుట్టూ గోడ కట్టాలి, పైన టర్బైన్లు ఎన్ని పెట్టాలో కాగితం మీద లెక్కేస్తున్నా. కాగితం బావకి వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మే నెల కదా, ఆయనకి ఇప్పుడు సీజన్.