మా శాఖా గ్రంథాలయం: లైబ్రరీకి నాలుగు స్టార్లు, మున్సిపాలిటీకి ఒకటి

"ఫ్రీగా చదువుకోనిస్తున్నారు, ఇంకేం అడుగుతాం" అని చాలామంది రివ్యూల్లో రాశారు. ఫ్రీ కాదండీ. ఇంటి పన్ను నోటీసు తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని ఒక గడి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వేసేదే, పన్నులో రూపాయికి 8 పైసలు. నాకు ఆర్నెల్లకు 1,500 పన్ను, దాని మీద సెస్ 120. అద్దెకుండేవాళ్లు మాకెందుకులే అనుకోకండి, ఓనరు పన్ను లెక్క చూసుకునే అద్దె చెప్తాడు. కాబట్టి డబ్బు కట్టిన కస్టమర్‌గానే రాస్తున్నా.

పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. టైముకి తలుపు తీస్తారు, అందులో వంక పెట్టడానికి లేదు. తాళం తీయడం, ఊడ్వడం, రిజిస్టరు రాయడం, పేపర్లు కుట్టి పెట్టడం, అన్నీ లైబ్రేరియన్ మేడమ్ ఒక్కరే. డీఎస్సీకి, కానిస్టేబుల్‌కి చదివే పిల్లలొస్తే పేపర్ల బల్ల సగం ఖాళీ చేయించి మరీ కూర్చోబెడతారు. నాలుగు స్టార్లూ ఆవిడవే.

పోటీ పరీక్షల బీరువా మాత్రం చూస్తే నీరసం వస్తుంది. గ్రూప్-2 ఎకానమీ పుస్తకం అట్ట ఊడిపోతే పురికొసతో కట్టారు. అందులో దేశాన్ని ఇంకా ప్రణాళికా సంఘమే నడిపిస్తోంది. దాన్ని తీసేసి నీతి ఆయోగ్ వచ్చింది 2015 జనవరిలో! పన్నుల చాప్టర్ వ్యాట్ దగ్గర ఆగిపోయింది. 2017 జూలై నుంచి నేను నా ఫ్యాన్సీ షాపులో దాని బదులు వచ్చిన జీఎస్టీ కడుతూనే ఉన్నా. మార్జిన్‌లో ఎవరో పెన్సిల్‌తో "ఇది నమ్మి పరీక్ష రాయొద్దు తమ్ముడూ" అని రాసిపెట్టారు.

కొత్తవి కొనరేం మేడమ్ అంటే, "మీరు కట్టిన సెస్ మున్సిపాలిటీ వసూలు చేసి మన లైబ్రరీలు నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకి పంపాలండీ. మున్సిపాలిటీ దగ్గరే బకాయి పడింది" అన్నారు. నా దగ్గర ఒక్క నెల ఆలస్యమైతే వడ్డీ వేస్తారు కదా, మరి వీళ్లకి వడ్డీ లేదా? రోడ్లకో జీతాలకో వాడుకున్నారేమో, అవీ అవసరమే. కానీ లైబ్రరీ పేరు చెప్పి తీసుకున్న డబ్బు లైబ్రరీకే పోవాలి. ఈ మాత్రం లెక్క మా షాపు కుర్రాడికి కూడా తెలుసు, పాల డబ్బులిచ్చి పంపితే వాటితో రీచార్జ్ చేసుకుని రాడు.

మున్సిపల్ ఆఫీసులో అడిగితే అకౌంట్స్ సెక్షన్ అన్నారు, అక్కడికెళ్తే రెవెన్యూ సెక్షన్ అన్నారు. అందుకే ఆ ఒక్క స్టారు, అది కూడా వేయకుండా సబ్మిట్ అవదు కాబట్టి.

వెళ్లేవాళ్లు మంచినీళ్ల బాటిల్ పట్టుకెళ్లండి. కిటికీ పక్క బల్ల దగ్గరే ఫ్యాను సరిగ్గా తిరుగుతుంది. 10 రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను: వసూలైన సెస్ ఎంత, సంస్థకి జమ చేసింది ఎంత, ఏడాదివారీగా ఇమ్మని. గడువు 30 రోజులు. జవాబు రాగానే ఈ రివ్యూలోనే పెడతాను.