మెట్లను నమ్మి ఎంచుకున్న వీణ: ఆరేళ్ల తరువాత

నలభై మూడేళ్ల వయసులో సంగీతం మొదలుపెట్టేవారికి ఏ వాద్యం అనువుగా ఉంటుందని ఆరేళ్ల క్రితం నేను కనిపించిన వారినల్లా అడిగాను. మాది రామచంద్రపురం. వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు పుట్టిన ద్రాక్షారామం మాకు పక్క ఊరే; ఆయన శిష్యులు చిట్టిబాబు గారు పుట్టింది కాకినాడలో. అందువల్ల మా వైపు ఎవరిని అడిగినా ముందు వీణ పేరే వచ్చేది. పాలకొల్లు బంధువులు మాత్రం తమ ఊళ్లో పుట్టిన శ్రీనివాస్ గారిని తలచుకొని మాండొలిన్ నేర్చుకోమన్నారు గాని, అది నేర్పేవారు మాకు దగ్గరలో దొరకలేదు. నిజానికి నా మనసు వయొలిన్ మీద ఉండేది. అరువు తెచ్చిన వయొలిన్‌తో ఒక నెల కుస్తీ పట్టాను. దానికి మెట్లు, అంటే ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో చూపే అడ్డపట్టీలు, ఉండవు కనుక వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే పలుకుతుంది; ఆ నెలంతా నాకు సరిగ్గా పలికిన స్వరాలకంటే పలకనివే ఎక్కువ. దాంతో ఇరవై నాలుగు మెట్లున్న వీణే నావంటి వారికి శరణ్యమని నిశ్చయించుకొని, నూజివీడులో పనస కర్రతో చేసిన వీణను కొన్నాను.

మొదటి మూడేళ్లు ఈ నిర్ణయాన్ని తెలిసిన వారందరి దగ్గరా మెచ్చుకున్నాను. మెట్టు మీద వేలు ఆనించి మీటితే స్వరం తనంతట తానే పలుకుతుందని, చెవి అంతగా పండని వారికి ఇంతకంటే మంచి వాద్యం లేదని మా బ్యాంకులో ఇద్దరికి చెప్పి వీణ కొనిపించాను కూడా. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉంది.

వీణ మెట్లు కర్రలోకి దిగగొట్టినవి కావు. దండి, అంటే వీణ మెడ, పొడవునా రెండు వైపులా మైనపు కట్టలు పోసి, వాటి మీద మెట్లను నిలబెడతారు. తేనెమైనంలో నల్లని పొడి కలిపి చేసే ఆ ముద్ద చలికాలంలో రాయిలా ఉంటుంది. మండుటెండల్లో దాని స్వభావం ఎలా ఉంటుందో నాకు నాలుగో ఏట గాని తెలియలేదు.

ఆ వేసవిలో పిల్లలు, బంధువులు వచ్చి ఇల్లు నిండిపోవడంతో వీణను మేడ మీది గదికి మార్చాను. పడమటి గోడ, పైన కాంక్రీటు కప్పు. మధ్యాహ్నం ఆ గది పొయ్యిలా కాగేది. నాకు వీణ నేర్పే మేష్టారు తమ అమ్మాయి దగ్గరకు హైదరాబాదు వెళ్లి ఏడు వారాలు అక్కడే ఉండిపోయారు. ఆయన వచ్చేలోగా పాఠాలన్నీ గట్టిపడాలని రోజూ సాయంత్రం, ఉద్యోగం నుంచి రాగానే, ఆ వేడి గదిలోనే గంటన్నర సాధన చేశాను. మొదటి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో జంట వరుసలు, అలంకారాలు. అంతర గాంధారం, అంటే ఆ రాగంలోని 'గ', పలికే నాలుగో మెట్టు మీద పదే పదే వేలు నొక్కి తీగ లాగడం. మెత్తబడిన మైనంలో ఆ మెట్టు రోజుకు కొంచెం చొప్పున యాళి, అంటే దండి చివర చెక్కిన మృగం తల, వైపుకు ఒరిగింది. మెట్టు అటు జరిగితే పలికే తీగ పొడవు పెరుగుతుంది, స్వరం దిగుతుంది. ఒక్కసారిగా దిగి ఉంటే నేనూ పట్టుకునేదాన్నేమో. రోజుకు రవ్వంత దిగడం వల్ల నా చెవి ఆ దిగిన గాంధారానికే అలవాటు పడింది. శ్రుతిపెట్టె పక్కనే మోగుతున్నా నేను వినలేదు. వేలు మెట్టు మీదే ఉంది కదా, ఇంక తప్పెలా వస్తుందన్న ధీమా నాది.

మేష్టారు తిరిగి వచ్చిన రోజున ఎంతో ఉత్సాహంగా ఆయన ముందు కూర్చొని వాయించాను. రెండో వరుసలోనే ఆయన చెయ్యెత్తి ఆపారు. "గాంధారం ఎక్కడికి పోయిందమ్మా?" అన్నారు. తరువాత పంచమం తీగ మీద అయిదో మెట్టు మీటించి, దాన్ని విడి సారణి తీగతో, అంటే ఏ మెట్టూ నొక్కని మొదటి తీగతో, పోల్చి వినమన్నారు. రెండూ ఒకే షడ్జమం, అంటే 'స', పలకవలసినవి, అవి కూడా కలవలేదు. సారణి మీద పన్నెండో మెట్టు విడి తీగకు పై షడ్జమం కావాలి, అదీ కాలేదు. ఏడు వారాల నా శ్రమ అంతా నా చెవిని చెడగొట్టడానికే పనికివచ్చిందని అర్థమై ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు. ఎందుకంటే వీణ కొన్న చోట గాని, పాఠం చెప్పిన చోట గాని ఈ మైనం సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

మెట్లు తిరిగి కట్టేవారు మా దగ్గర ఉన్నట్టు నాకు తెలియకపోవడం వల్ల వీణను మళ్లీ నూజివీడు తీసుకువెళ్లవలసి వచ్చింది. ఎండ తగలకుండా తెల్లవారుజామునే కారులో బయలుదేరాం. అయితే, ఖర్చని, ప్రయాసని విసుక్కుంటూ వెళ్లిన నాకు, ఈ ఆరేళ్లలో అన్నిటికంటే విలువైన పాఠం అక్కడే దొరికింది. పాత మైనం తీసి, కాచి, కొత్త కట్ట పోసిన పెద్దాయన ఏ యంత్రాన్నీ వాడలేదు. ఒక్కొక్క మెట్టు నిలబెట్టడం, మీటడం, తల కొద్దిగా వంచి వినడం, గోటితో నూలుపోగంత జరపడం, మళ్లీ మీటడం. ఇరవై నాలుగు మెట్లకూ అదే పని. పక్కనే కూర్చొని ఆ జరుపుళ్ల మధ్య తేడా వినడానికి ప్రయత్నించాను. మొదటి రోజు ఏమీ తెలియలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి, ఆయన మెట్టును ఎటు జరపబోతున్నారో రెండు మూడు సార్లు ముందే ఊహించగలిగాను. అంత ఆనందం నాకు వాయించడంలో కూడా అంతవరకూ కలగలేదు.

ఆ తరువాత నుంచి వీణ కింది గదిలో, ఎండ పడని గోడ పక్కనే ఉంటోంది. సాధనకు ముందు మేష్టారు చూపిన రెండు పరీక్షలూ తప్పక చేస్తున్నాను. రోహిణి కార్తెలో సాయంత్రం సాధన మానేసి తెల్లవారకముందే కూర్చుంటున్నాను. వానాకాలపు చెమ్మకు తీగలు తుప్పు పట్టడం, తీగలు బిగించే బిరడాలు బిగుసుకుపోవడం కూడా ఉన్నాయి గాని, తీగ మార్చితే, సుద్దపొడి రాస్తే అవి తీరిపోతాయి. వాటిని నేను లోపాలుగా లెక్కించను.

మెట్లను స్క్రూలతో బిగించిన కొత్త రకం వీణను ఒక స్నేహితురాలి ఇంట్లో వారం రోజులు వాయించి చూశాను. ఎండకు భయపడనక్కరలేదన్నది నిజమే. అపార్టుమెంటు పై అంతస్తులో ఉండేవారు, తరచూ ఊళ్లు మారే ఉద్యోగులు, మెట్లు కట్టేవారికి దూరంగా ఉండేవారు దానిని తప్పక పరిశీలించాలి. నాకు మాత్రం కింద చల్లని గది ఉంది, వీధి చివర మేష్టారు ఉన్నారు, పిల్లలు పెద్దవాళ్లై పొద్దున్నే గంట తీరిక దొరుకుతోంది. కనుక మైనపు వీణనే ఉంచుకున్నాను. ఇవి లేని వారికి ఇదే కొనుక్కోమని చెప్పలేను. మా బ్యాంకులో ఆ రోజు వీణ కొనిపించిన ఇద్దరిళ్లకూ నిరుడు ఏప్రిల్‌లోనే వెళ్లి, పన్నెండో మెట్టు మీటించి విని వచ్చాను. ఒకరిది సరిగ్గానే ఉంది. రెండోది కాస్త దిగింది; దానిని మేడ మీది గదిలోనుంచి ఆ పూటే కిందికి దింపించాను.