నాణేనికి రెండో వైపు చూపిన గైడు

ఒక చరిత్ర మ్యూజియం తన సందర్శకుల కోసం తయారు చేయించిన డిజిటల్ గైడు యాప్‌ను మొదటి గది నుంచి చివరి గది వరకు వాడి చూసి రాస్తున్న సమీక్ష ఇది. యాప్ తెరవగానే భాష ఎంచుకోమంటుంది. ఈమెయిల్ గానీ ఫోన్ నంబరు గానీ అడగదు. టికెట్ కొని లోపలికి వచ్చిన మనిషి చేత మళ్లీ ఫారం నింపించకపోవడం మర్యాదగా అనిపించింది.

ఈ గైడులో అన్నిటికన్నా మెచ్చుకోదగినది నాణేల గది. పెట్టెలో పరిచిన నాణెం సాధారణంగా ఒక ముఖమే చూపిస్తుంది, అదీ అరిగిపోయి ఉంటే అద్దం వెనుక నుంచి ఏమీ పోల్చుకోలేం. ఇక్కడ తెర మీద వేలితో తిప్పితే రెండో ముఖం వస్తుంది. పైగా వెలుతురు పడే దిక్కును కూడా మనమే మార్చుకోవచ్చు. వెలుతురును బాగా ఏటవాలుగా జరిపినప్పుడు, అంతవరకు నున్నగా కనిపించిన అంచు మీద అక్షరాల గట్లు నీడలతో సహా తేలాయి. వేర్వేరు దిక్కుల నుంచి వెలుతురు వేసి తీసిన అనేక ఫొటోలను కలిపి ఇలాంటి చిత్రాన్ని తయారు చేసే పద్ధతి 2001లో కంప్యూటర్ల తయారీ సంస్థ హెచ్‌పీ ప్రయోగశాలల పరిశోధకుల చేతుల్లో రూపుదిద్దుకుంది. దానిని మామూలు సందర్శకుడి చేతికి ఇంత సులువుగా అందించిన రూపకర్తలను అభినందించాలి, ఎందుకంటే కంటికి అందనిదాన్ని మాత్రమే తెర మీద చూపి, తక్కినదంతా ఎదుట ఉన్న నాణేనికే వదిలేశారు.

శిల్పాల గదిలో ఆ నిగ్రహం కనిపించదు. నిలువెత్తు రాతి విగ్రహం ఎదురుగా ఉండగా, దాని బొమ్మతోనే చేసిన సుదీర్ఘమైన యానిమేషన్ మొదలవుతుంది, ఆపై ఒక క్విజ్ వస్తుంది, దానికి జవాబు చెప్పేదాకా వ్యాఖ్యానం ముందుకు కదలదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిపి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం సందర్శకులు ఒక్కో చిత్రం ముందు నిలిచిన సమయం సగటున 27 సెకన్లు, సగం సందర్భాల్లో 17 సెకన్లకు మించలేదు. ఆ కొద్దిపాటి సమయాన్ని ఫోనే తినేస్తే శిల్పానికి మిగిలేది ఏముంటుంది? ఆ గదిలో ఉన్నవారిలో చాలామంది తల వంచుకునే నిలబడ్డారు.

రెండో లోపం స్థానాన్ని గుర్తించడంలో ఉంది. గోడలకు అమర్చిన బ్లూటూత్ బీకన్ల (నిరంతరం సంకేతం పంపే చిన్న పరికరాల) సంకేతాన్ని బట్టి మనం ఏ వస్తువు దగ్గర ఉన్నామో యాప్ ఊహిస్తుంది. మనుషుల శరీరాలు ఆ సంకేతాన్ని పీల్చుకుంటాయి, గోడలు వెనక్కి కొడతాయి. అందువల్ల జనం పెరిగేసరికి పక్క గదిలోని కుండ గురించి నా చెవిలో వ్యాఖ్యానం మొదలైంది. ప్రతి పెట్టె మీదా మూడంకెల సంఖ్య రాసి, దాన్ని నొక్కితే వివరణ వచ్చే పాత ఏర్పాటును కూడా ఉంచి ఉంటే ఈ చిక్కు తీరేది. పాతవన్నీ మేలని నా ఉద్దేశం కాదు. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియం రేడియో తరంగాల ద్వారా వ్యాఖ్యానం వినిపించినప్పుడు, అందరూ ఒకే మాటలను ఒకే సమయంలో వినవలసి వచ్చేది. సంఖ్య నొక్కే పద్ధతిలో ఎవరి నడక వారిది.

వినికిడి లోపం ఉన్నవారికి ప్రతి వ్యాఖ్యానానికీ పూర్తి పాఠం ఇచ్చారు. చూపు లేనివారి కోసం విడిగా రాసిన వర్ణనలు ఎంత శ్రద్ధగా ఉన్నాయంటే, చూపున్నవారు కూడా అవే వినడం మంచిది. అయితే బూడిద రంగు నేపథ్యం మీద లేత అక్షరాలు పెట్టడం వల్ల మసక వెలుతురు గదుల్లో పాఠం చదవడం కష్టమైంది.

నచ్చిన వస్తువులను దాచుకునే సదుపాయం ఉంది గానీ, దానికి మాత్రం ఖాతా తెరవాలట. న్యూయార్క్‌లోని కూపర్ హ్యూవిట్ మ్యూజియం 2015లో సందర్శకులకు ఒక ఎలక్ట్రానిక్ పెన్ను ఇచ్చింది. దానితో వస్తువు పక్కనున్న పలకను తాకి దాచుకున్నవన్నీ, టికెట్ మీద ముద్రించిన వెబ్ చిరునామా ద్వారా ఇంటికి వెళ్లాక చూసుకోగలిగేవారు. అంత తేలికైన దారి ఉండగా, ప్రవేశం దగ్గర పాటించిన మర్యాదను ఇక్కడ ఎందుకు వదిలేశారో అర్థం కాలేదు.

వెళ్లదలచినవారు వ్యాఖ్యానాలన్నీ ముందే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుని, సొంత ఇయర్‌ఫోన్లు తీసుకువెళ్లడం మంచిది. లోపలి గదుల్లో నెట్ అందదు, బ్లూటూత్ ఆన్‌లో ఉండగా ఫోన్ చార్జింగ్ త్వరగా తగ్గుతుంది. సమయం తక్కువగా ఉంటే శిల్పాల గదిలో ఫోన్ జేబులో పెట్టేసి, నాణేల గదికి ఎక్కువసేపు కేటాయించండి.